పత్తి బండ్లు ఆగే చోటు

1983లో నన్ను కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ మున్సిపాలిటీకి అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. ఆ రోజుల్లో ఆదిలాబాద్ ఆర్డరు చేతికొస్తే ఉద్యోగులు మొహం వేలాడేసుకునేవారు. దూరం, చలి, మరాఠీ కలిసిన మాట, ఒకటేమిటి, వంద సాకులు చెప్పేవారు. నాకు మాత్రం ఆ ఊరు తొందరగానే నచ్చింది. నచ్చనిది ఒక్కటే, పత్తి బజారు రోడ్డు. ఉద్యోగం మొత్తం మీద నా చేత అన్ని తిట్లు తిట్టించిన రోడ్డు ఇంకొకటి లేదు.

ఆ రోడ్డుకు ఒకవైపు వరుసగా అడ్తి దుకాణాలు. అడ్తిదారు అంటే రైతు పత్తిని మార్కెట్ యార్డులో దగ్గరుండి అమ్మించి కమిషన్ తీసుకునే వ్యాపారి. రెండోవైపు చిన్న చిన్న దుకాణాలు, వాటి వెనకే కాపురాలు. రోడ్డు చివర మార్కెట్ యార్డు. దీపావళి దాటిందంటే పల్లెల నుంచి పత్తి బండ్లు దిగేవి. పత్తి బండికి బరువు తక్కువ, బొజ్జ ఎక్కువ. గోనె తడికలు కట్టి నింపితే బండి చక్రాల కన్నా రెండు పక్కలా జానెడు బయటికి వస్తుంది. రెండు బండ్లు ఎదురుపడితే ఒకదాన్నొకటి రాసుకుంటూ పోవాలి. మధ్యలో మహారాష్ట్ర లారీ ఒకటి దూరిందా, ఇక ఆ పూట అంతే సంగతులు.

నేను వెళ్లిన ఏడాదే ఒక జీపు ఆ బండ్ల మధ్య ఇరుక్కుపోయింది. అందులో ఆస్పత్రికి తీసుకెళ్తున్న గర్భిణి ఉంది. ముందుకు పోలేక, వెనక్కి రాలేక కాన్పు జీపులోనే అయింది. చుట్టుపక్కల ఆడవాళ్లు చీరలు అడ్డం పట్టి పని కానిచ్చారు. తల్లీబిడ్డా క్షేమంగానే ఉన్నారు గానీ కబురు కలెక్టరాఫీసు దాకా పోయింది. మర్నాడు మా కమిషనర్ గారు నన్ను పిలిచి, వచ్చే సీజను లోపల ఆ రోడ్డు వెడల్పు కావాలన్నారు. వేరే మార్గం ఏదైనా చూద్దామా అని నేను నోరు తెరిచేలోపే ఫోను ఎత్తి ఇంకెవరితోనో మాట్లాడటం మొదలుపెట్టారు.

రోడ్డు వెడల్పు అంటే ముందు రైట్ ఆఫ్ వే తేల్చాలి. అంటే కాగితం మీద రోడ్డుకు ఎంత జాగా ఉంది, నేల మీద ఎంత మిగిలింది అన్న లెక్క. అడ్తి దుకాణాలు పెద్ద పెద్ద రాతి కట్టడాలు, వాటి యజమానుల చేతులు ఇంకా పెద్దవి. కాబట్టి కొట్టేది ఎదుటివైపు అని ఎవరూ పైకి అనకుండానే తేలిపోయింది. టేపు పట్టుకుని, సున్నం గీత గీసి, ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేయించాను. చూపులకు పెళ్లికొడుకు వచ్చినట్టు అందరూ గడపల్లోకి వచ్చి నిలబడ్డారు. ఎవరి మొహంలోనూ నవ్వు మాత్రం లేదు.

ఆ వరసలో అందరి కన్నా ఎక్కువ పోయేది ఖాజా మియాకు. ఎద్దుల గిట్టలకు ఇనుప నాడాలు కొట్టేవాళ్లను మా వైపు నాల్‌బంద్ అంటారు. ఖాజా నాల్‌బంద్. నల్లరేగడి పొలంలో తిరిగే ఎద్దుకు నాడాతో పని లేదు. తారు రోడ్డెక్కితే మాత్రం గిట్ట అరుగుతుంది, కాలు జారుతుంది. అందుకే ఆయన సంపాదనంతా పత్తి సీజనులోనే. ముందు గది పనిముట్లకు, వెనక గది కాపురానికి. ఎద్దును పడగొట్టి నాలుగు కాళ్లూ కలిపి కట్టే పని మాత్రం రోడ్డు మీదే. మనిషి పొట్టి, గొంతు పొడుగు. వీధి ఈ చివర తిడితే ఆ చివర వినిపించేది. ఎర్ర గీత ఆయన వెనక గదిలోకి పోయింది.

“సార్, మీ గీత నా పొయ్యి మీదికెల్లి పోతుంది. రేపటికెల్లి అన్నం రోడ్డు మీద వండుకోవాల్నా?” అని అడిగాడు.

నష్టపరిహారం వస్తుందని ఏదో చెప్పాను. ఆయన నా మొహం వైపు కూడా చూడలేదు, గోడ మీద తడి రంగును వేలితో తుడిచి చూశాడు.

నాకు ఆ ప్లాను మొదటి నుంచీ మింగుడుపడలేదు. దయ పుట్టి కాదు, అనుభవంతో. కరీంనగర్లో ఒక రోడ్డు వెడల్పు చేశాం. నెల తిరగకుండా కూరగాయల గంపలన్నీ కొత్త వెడల్పులోకి జరిగి కూర్చున్నాయి. డబ్బు పోయింది, ఇళ్లు పోయాయి, రోడ్డు మాత్రం మళ్లీ పాత రోడ్డే. అందుకని కమిషనర్ గారికి చెప్పకుండానే ట్రాఫిక్ కౌంట్ పెట్టాను. రోడ్డు రెండు చివర్లా మనుషులు కూర్చుని ఏ బండి ఎప్పుడు లోపలికి వచ్చింది, ఎప్పుడు బయటికి పోయింది అని రాసుకోవడమే ఆ పని. ఒక చివర మా వర్క్ ఇన్‌స్పెక్టర్, ఇంకో చివర నేను. బండి వెంబడి నడిచి, ఎక్కడి నుంచి వస్తున్నావు, ఎక్కడికి పోతున్నావు అని కూడా అడిగేవాళ్లం. దాన్ని ఓడీ సర్వే అంటారు.

బీడీ ఒకటి కాల్చేలోపు నడిచి దాటే రోడ్డు అది. పొద్దున లోపలికి వచ్చిన బండి మధ్యాహ్నం గానీ యార్డు గేటు చేరడం లేదు. ఎందుకు? తొక్కిసలాట వల్ల అనుకున్నాం. కాదు. రైతు తన అడ్తిదారు దుకాణం ముందు ఎడ్లు విప్పుతాడు. మొహం కడుగుతాడు, జొన్నరొట్టె మూట విప్పుతాడు, సేటు పంపిన చాయ తాగుతాడు. సేటు గుమాస్తా వెంట రానిదే యార్డులోకి పోడు. వేలంలో తన తరపున మాట్లాడేది వాడే మరి. విప్పిన ఎడ్లు బండి పక్కనే ఉంటాయి కాబట్టి ఒక్కో బండికి రెండు బండ్ల జాగా కావాలి. రోడ్డు ఇరుకై బండ్లు ఆగడం లేదు, బండ్లు ఆగి రోడ్డు ఇరుకవుతోంది. వెడల్పు చేస్తే ఒక వరస బదులు రెండు వరసల్లో విప్పుతారు. ఇంత చిన్న సంగతి కళ్ల ముందు పెట్టుకుని పాతిక ఇళ్లకు రంగు పూశామే అని నాకు మంట పుట్టింది.

ఆగడానికి వేరే చోటు కావాలి. అది అడ్తి దుకాణాల వెనకే దొరికింది. వాటి పెరళ్లకు, మూతపడ్డ ఒక జిన్నింగ్ మిల్లు ప్రహరీకి మధ్య మున్సిపాలిటీ జాగా సందులా పొడవునా ఉంది. సర్కారు తుమ్మ మొలిచి, ఊరి చెత్తంతా అందులో పడి, పందులు తప్ప ఇంకెవరూ దాన్ని దారి అనుకోవడం లేదు. ఒక చివర పల్లెల నుంచి వచ్చే బండ్ల బాటలో కలుస్తుంది, ఇంకో చివర యార్డు వెనక గేటుకు చేరుతుంది. ప్రతి దుకాణానికీ అటువైపు ఒక తలుపు ఉంది. బండ్లు అటు నుంచి వచ్చి, అక్కడే ఆగి, అటే యార్డులోకి పోతే పత్తి బజారు రోడ్డు బస్సులకు, లారీలకు, ఆస్పత్రి జీపులకు మిగులుతుంది. ఒక్క ఇల్లూ కూలక్కర్లేదు. యార్డు వాళ్లను అడిగితే గేటు తాళం తీయడానికి వాళ్లు వెంటనే ఒప్పుకున్నారు.

అడ్తిదారుల్లో పెద్ద విఠల్ సేటు. ఆయన ఊ అంటే మిగతావాళ్లు ఊ అంటారు. దుకాణానికి పోయి ప్లాను పరిచి చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని వేలితో సందు పొడవునా గీసుకుంటూ పోయి, మస్తు ఆలోచన అని మెచ్చుకున్నాడు. లారీలకు రోడ్డు దొరికితే ఆయనకే లాభం. నేను తేలిపోతూ ఆఫీసుకు వచ్చి ఎస్టిమేటు రాయడం మొదలుపెట్టాను.

వారం తర్వాత పోతే సేటు మొహం మారిపోయింది. పరుపు మీద దిండుకు ఆనుకుని ఎటో చూస్తూ మాట్లాడాడు.

“కోపం చేసుకోకండి ఇంజనీర్ సాబ్. పత్తి అంటే మాకు లక్ష్మి. ఎనుక దర్వాజకెల్లి దొంగ వస్తడు, పిల్లి వస్తది. లక్ష్మి వస్తదా?”

సీజను మొదటి బండి గడప ముందుకు రాగానే చక్రాలకు నీళ్లు పోసి, ఎడ్లకు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, గుప్పెడు పత్తి దేవుడి దగ్గర పెట్టడం ఆ వీధి ఆచారం. అది నేను కళ్లారా చూసిందే. అయినా వారం కింద లేని లక్ష్మి ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందని అడిగాను. తల్లి వద్దంటోందని చెప్పాడు. సేటు తల్లి తుల్జాబాయి లోపలి గదిలో బియ్యం ఏరుతోంది. ఆమెను అడిగితే ఏ దాపరికం లేకుండా చెప్పింది. ఆ మాట ముందు ఆమెకు తనంతట తట్టలేదట. ఖాజా వచ్చి, ఆయీ, మీ లక్ష్మిని పెరట్లకెల్లి తెస్తరట గదా అన్నాడట. నిజమే కదా అనిపించిందట.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి ఇంటి కోసం నేను పై అధికారికి తెలియకుండా ఎండలో కూర్చుని బండ్లు లెక్కపెట్టానో ఆ మనిషే నా ప్లానుకు గొయ్యి తవ్వాడు. అక్కడి నుంచి నేరుగా రోడ్డు దాటి పోయాను. ఖాజా ఒక ఎద్దు మీద మోకాలు ఆనించి గిట్ట చెక్కుతున్నాడు. దాని యజమాని ముందే కడిగేశాను. నీకు బుద్ధుందా, నీ ఇల్లు నిలబెట్టడానికి తిరుగుతుంటే నా కాలికే అడ్డం పడతావా, రేపు మళ్లీ ఎర్ర గీత ప్రకారమే కొట్టిస్తాను చూడు అని ఏవేవో అన్నాను. నా గొంతూ తక్కువేం కాదు. చుట్టూ జనం చేరారు.

ఆయన మేకు దిగ్గొట్టేదాకా తలెత్తలేదు. తర్వాత నోట్లో ఉన్న మిగతా మేకులు తీసి చేతిలో పోసుకుని లేచాడు.

“కొట్టుండ్రి సార్. ఇల్లు కొట్టుండ్రి. గోడలే గదా, ఎనుకకు జరిగి మల్ల కట్టుకుంట. నేనెప్పుడన్న ఇల్లు కొట్టొద్దని మీ ఆఫీసుకు వచ్చిన్నా? బండ్లను ఆ దిక్కు తీస్కపోతే నేనెవనికి నాల్ కొట్టాలె? మీ స్కూటర్‌కా?”

జనం నవ్వారు. ఆయన నవ్వలేదు. నాలుగు నెలల పనితో ఏడాదంతా తింటామని, ఈ వీధిలో బండ్లు ఆగబట్టే తనకు పని ఉందని, ఆగకపోతే ముగ్గురు ఆడపిల్లలతో ఎక్కడికి పోవాలని మెల్లగా, నాకొక్కడికే వినపడేట్టు అన్నాడు. ఆ గొంతుకు అంత మెల్లగా మాట్లాడటం వస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

నేను ఆఫీసుకు వచ్చేశాను. కోపం పోలేదు, కానీ అది ఎవరి మీదో తెలియకుండా పోయింది. ఆ మనిషి చెప్పింది నా సర్వే చెప్పిందే. ఆగిన బండ్లు నాకు అడ్డం, ఆయనకు అన్నం. ఆగడం మాన్పించాలని నేను చూస్తున్నాను, ఆగేచోట తాను ఉండాలని ఆయన చూస్తున్నాడు. రెండూ ఒక్క కాగితం మీద పట్టవా అని ప్లాను మళ్లీ ముందేసుకున్నాను. సందు మొదట్లో, మట్టి బాట వచ్చి కలిసేచోట, కాస్త విశాలమైన జాగా ఉంది. బండ్లు వరస కట్టేముందు అక్కడ ఎలాగూ నెమ్మదిస్తాయి. అక్కడ ఎడ్లకు నీళ్ల తొట్టి పెట్టాలని ముందే అనుకున్నాను. తొట్టి పక్కనే నాడాలు కొట్టే గద్దె కూడా గీశాను.

మర్నాడు ప్లాను తీసుకుని పోయి ఖాజాకు చూపించాను. ఆయన నమ్మలేదు. సర్కారు నక్షాలో నాల్‌బంద్ ఉంటాడా, ఎక్కడైనా చూశామా అన్నాడు. చూడకపోతే ఇప్పుడు చూడమన్నాను. మెల్లగా కింద కూర్చుని, ఇదేందని గద్దె మీద వేలు పెట్టాడు. సిమెంటు గద్దె అని గర్వంగా చెప్పాను. అంతే, పాత గొంతు తిరిగొచ్చింది. సిమెంటు మీద ఎద్దును పడగొడితే తుంటి విరుగుతుందని, కొమ్ము ఊడుతుందని, రైతు తన తల పగలగొడతాడని వీధి వీధంతా వినేట్టు అరిచాడు. గద్దె కొట్టేసి ఇసుక గుంట అని రాశాను. నీడ కూడా కావాలన్నాడు. రేకు కప్పు గీశాను. ఇంకా ఏదో అడగబోతుంటే ప్లాను మడిచేశాను.

ఇప్పుడు నువ్వు వేసిన ముడి నువ్వే విప్పాలన్నాను. తుల్జాబాయితో అన్నది అబద్ధం కాదు కదా, ఎట్లా విప్పాలి అని తల గోక్కున్నాడు. చివరికి ఇద్దరం కలిసే పోయాం. ఆయన గడప బయట కూర్చున్నాడు, నేను లోపల. ప్లాను ముందు పెడితే ఆమె దానివైపు చూడలేదు. ఇక నా ఇంజనీరింగు పనికి రాదని తెలిసి, నాకు నిజంగా తెలియని సంగతే అడిగాను. అమ్మా, ఇంటికి ముందు ఏదని ఎట్లా చెప్తారు?

తుల్జాబాయి చేట పక్కన పెట్టింది.

“దీపం పెట్టిన దిక్కు ముందు. ముగ్గేసిన దిక్కు ముందు. మా అత్త గీ దిక్కు పెట్టింది, నేనూ గీ దిక్కే పెట్టుకుంట వచ్చిన.” వెనక తలుపు వైపు చూసింది. “నేను ఆ దిక్కు పెడ్తే అదే ముందు అయితది గదా.”

గడప బయట ఖాజా కదలకుండా కూర్చున్నాడు. సేటు మాత్రం కదిలాడు. అమ్మా, బోర్డు రోడ్డు దిక్కుంది కదా అని గొణిగాడు.

“లక్ష్మి బోర్డు సదువుకొని వస్తదారా?” అంది ఆమె.

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. సేటు కూడా నవ్వేశాడు. కానీ ఆమె అంత సులువుగా వదల్లేదు. ఆ కచరాలోంచి లక్ష్మిని నడిపిస్తారా అని నన్ను నిలదీసింది. మురికి పోవాలి, నీళ్లు పోయే మోరీ కట్టాలి, దీపావళికి ముందు అంతా కావాలి, లక్ష్మీపూజ నాడే దీపం అటు మారుస్తాను, తర్వాతైతే మళ్లీ ఏడాదే అంది. కాంట్రాక్టరుకు నేను ఎన్ని గడువులు పెట్టానో గానీ, నాకు అంత గట్టి గడువు పెట్టింది ఆమె ఒక్కతే. బయటికి వస్తూ ఖాజా, ఆయీ ఒప్పుకుంటే ఊరంతా ఒప్పుకున్నట్టే సార్ అని తనే పని చక్కబెట్టినంత ధీమాగా అన్నాడు.

కమిషనర్ గారి దగ్గర ఇంకో యుద్ధం. ఆయన గుంటూరు వైపు మనిషి, మెత్తగా మాట్లాడి గట్టిగా పట్టేవారు. ఇళ్లు కొట్టక్కర్లేదు, ఖర్చు సగానికి తగ్గుతుంది అన్నంతవరకు బాగానే విన్నారు. ఇసుక గుంట దగ్గర ఆగిపోయారు.

“మీరు రోడ్డు వేస్తున్నారా, జాతర చేస్తున్నారా? ఒక ప్రైవేటు మనిషికి మున్సిపాలిటీ జాగా ఎట్లా ఇస్తాం?”

మనిషికి ఇవ్వడం లేదు సార్, ఎద్దుకు ఇస్తున్నాం అన్నాను. బస్సులకు బస్టాండు ఉంది, ఎడ్లబండికి కార్ట్ స్టాండ్ ఎందుకు ఉండకూడదు? నీళ్ల తొట్టి, నీడ, నాడాలు కొట్టే చోటు లేకుండా స్టాండ్ కడితే బండ్లు అక్కడ ఆగవు, మళ్లీ రోడ్డు మీదికే వస్తాయి అని పట్టుబట్టాను. నాడాలు కొట్టేది ఎవరైనా కావచ్చు, పేరు రాయం అన్నాను. ఆ వైపు పల్లెలన్నిటికీ నాల్‌బంద్ ఖాజా ఒక్కడే అన్న సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. చాలాసేపు పెన్ను తిప్పి సంతకం చేశారు. ఆ ఇసుక తర్వాత రెండేళ్లు ఆడిట్ వాళ్ల చేతిలో నా ప్రాణం తీసింది. కాంక్రీటులో కలవాల్సిన ఇసుకను నేల మీద ఎందుకు పోశారని వాళ్ల ప్రశ్న. ఎద్దులు పడుకోవడానికి అని జవాబు రాస్తే నన్ను పిలిపించి, ఒంట్లో బాగుందా అని అడిగారు.

వానలు తగ్గీ తగ్గకముందే పని మొదలుపెట్టాం. తుమ్మ కొట్టించి, చెత్త ఎత్తించి, మొరం మట్టి పోసి రోలర్ తిప్పాం. నీళ్లు నిలవకుండా మధ్యలో ఎత్తు, అంచుల్లో వాలు ఉంచాం. దాన్ని క్యాంబర్ అంటారు. తారు వేయలేదు, కావాలనే. మొరం మీద ఎద్దు కాలు జారదు. దీపావళి ముందు రోజుకు కూడా మోరీ మీద కొన్ని బండలు మిగిలే ఉన్నాయి. తుల్జాబాయి వచ్చి చూసి, పెదవి విరిచి, సరే లెమ్మంది. పూజ నాటి సాయంత్రం ఆమె దీపం పళ్లెంలో పెట్టుకుని దుకాణం ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. వెనక తలుపుకు మామిడి తోరణం కట్టారు. మిగతా సేట్లు తమ గడపల్లో నిలబడి చూశారు. ఆ రాత్రికే సగం దుకాణాల దీపాలు సందువైపు మారాయి, మిగతావి వారం తిరిగేసరికి.

సీజను మొదటి బండి వచ్చిన పొద్దున నేను సందు మొదట్లోనే ఉన్నాను. బండి రైతు అలవాటు కొద్దీ రోడ్డు వైపే ఎడ్లను తిప్పాడు. సేటు గుమాస్తా పరుగెత్తి పగ్గం పట్టుకుని మళ్లించాడు. రైతు అయోమయంగా దిగి, ఎడ్లను తొట్టి దగ్గరికి వదిలాడు. ఖాజా తెల్లవారకముందే వచ్చి ఇసుక తడిపి, తాళ్లు సిద్ధంగా పెట్టుకుని ఉన్నాడు. ఎడమ ఎద్దు నడక చూశాడు, రైతుతో ఏదో అన్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని ఇసుక మీద పడుకోబెట్టారు. మొదటి మేకు మీద సుత్తి పడిన చప్పుడు వినగానే నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. జీపులో కాన్పు జరిగిన ఆ చోట ఆ పొద్దున ఒక బస్సు హారను కూడా కొట్టకుండా పోయింది.

అంతా బాగుందని చెప్పను. దీపం అటు మారేసరికి రోడ్డువైపు వెనక అయిపోయింది. పనివాళ్లు ఊడ్చిన చెత్త తీసుకొచ్చి తారు రోడ్డు మీద పోయసాగారు. మళ్లీ తుల్జాబాయి దగ్గరికే పరుగెత్తాను. ఆమె పనివాళ్లను కడిగిపారేసి, లెక్కలు రాసే గది అటే ఉంది, అక్కడ సరస్వతి ఉంటదని చెప్పిందట. ఆ తర్వాత చెత్త తగ్గింది, పూర్తిగా పోలేదు. సందు మాత్రం ఎప్పుడు చూసినా శుభ్రంగానే ఉండేది. రోజూ ముగ్గు పడే చోట ఎవరూ చెత్త వేయరు కదా. మున్సిపాలిటీ కట్టినవి ఎన్నో రెండేళ్లలో పాడైపోవడం చూశాను. ఆ సందును ఊరు తనదిగా చూసుకుంది కాబట్టే అది నిలిచింది.

మూడేళ్ల తర్వాత నన్ను మళ్లీ కరీంనగర్ వేశారు. తొంభైల మొదట్లో ఒక మీటింగుకు ఆదిలాబాద్ పోయాను. బస్సు పత్తి బజారు రోడ్డులోకి తిరగగానే కిటికీలోంచి చూశాను. ఎదుటివైపు వరస లేదు. ఊరు పెరిగింది, లారీలు పెరిగాయి, నా తర్వాత వచ్చినవాళ్లు రోడ్డును వెడల్పు చేసి మధ్యలో డివైడరు కట్టారు. నేను కాపాడాననుకున్న ఖాజా ఇల్లు ఉన్నచోట మోరీ పారుతోంది. వాళ్లను తప్పుపట్టలేను. వాళ్ల కౌంట్ వాళ్లకు ఏం చెప్పిందో నాకు తెలియదు. మీటింగులో ఎవరేం మాట్లాడారో నా చెవికెక్కలేదు.

సాయంత్రం సందు వైపు పోయాను. బండ్లతో పాటు ట్రాక్టర్లు కూడా వరసలో ఉన్నాయి. రేకు కప్పు కింద ఒక యువకుడు ఎద్దు కాళ్లు కట్టేస్తుంటే, పక్కన మంచం మీద కూర్చుని ఖాజా వాణ్ణి తిడుతున్నాడు. మోకాళ్లు పోయాయట, పని అల్లుడు చేస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి లేవబోయాడు, కూర్చోబెట్టాను. ఎక్కడ ఉంటున్నారంటే ఊరి చివర రెండు గదులు వేసుకున్నామన్నాడు. ముగ్గురు ఆడపిల్లలకూ పెళ్లిళ్లు అయ్యాయట. మంచం పక్కన కూర్చుని, ఖాజా భాయ్, ఆ రోజు అంత కొట్లాడాం, చివరికి నీ ఇల్లు నిలబెట్టలేకపోయాను అన్నాను.

ఆయన నా వైపు వింతగా చూశాడు.

“ఇల్లు మిమ్ముల ఎవలడిగిండ్రు సార్? నేనడిగింది గిది” అని ఇసుక మీద చెయ్యి పెట్టాడు. తర్వాత అల్లుడి వైపు తిరిగి, తాడు వదులైందని మళ్లీ తిట్టడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా ఎన్నో రోడ్లకు మార్కింగ్ చేశాను. ప్రతిచోటా ముందు ఇంటింటికీ పోయి, మీకు ఏది పోతే బతుకు పోతుంది అని అడిగేవాణ్ణి. కొందరు గోడ అన్నారు, కొందరు ఇంటి ముందు ఆగే బస్సు అన్నారు. ఒకామె ఎదురింటి నీడ అంది, ఆమె గాజులు అమ్మేది ఆ నీడలో కూర్చునే. మా ఆఫీసులో నవ్వుకునేవారు. వాళ్లు చెప్పినవన్నీ నా ప్లానులో పట్టలేదు, చాలా పోయాయి కూడా. కానీ అడగకుండా మాత్రం ఎర్ర రంగు డబ్బా మూత ఎన్నడూ తీయలేదు.